బరువు తగ్గడం ఆగిపోయిందా? గరిటె, యాప్, తూకం: ఏ లెక్కను నమ్మాలి

మా ఇంట్లో నూనె డబ్బాలో ఒక గుంట గరిటె ఉంటుంది. దాన్ని నేను ఆరు నెలల పాటు ఫోన్‌లో, కేలరీలు లెక్కేసే యాప్‌లో, "ఒక టేబుల్ స్పూన్" అని రాసుకుంటూ వచ్చాను. ఒకరోజు విసుగొచ్చి, తూకం మీద గిన్నె పెట్టి ఆ గరిటెడు నూనె పోస్తే 23 గ్రాములు చూపించింది. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, నూనెలో అది 14 గ్రాములకు దగ్గర, కేలరీల్లో 120 పైచిలుకు. నా గరిటె 207. ఒక్క గరిటెకే ఇంత తేడా ఉంటే ఇంక పప్పులో, పులుసులో, తాలింపులో, ఊరిబిండిలో (వేరుశెనగ పచ్చడిలో) ఎంత దాక్కుని ఉంటుందో అనిపించి, ఆ వారమంతా నోట్లోకి పోయే ప్రతిదాన్నీ తూకమేశాను. దాంతో తేలిన సంగతులే ఇవి.

నా లెక్క ముందు చెప్పేస్తాను, లేకపోతే కింద అంకెలు అర్థం కావు. ఉండేది అనంతపురం, వయసు 39, ఎత్తు 160 సెంటీమీటర్లు, కూర్చుని చేసే ఉద్యోగం. 78 కిలోల నుంచి ఆరు నెలల్లో 71కి వచ్చాను. అక్కడ ఐదు వారాలు ముల్లు కదల్లేదు. యాప్‌లో చూస్తే రోజుకు 1,450 కేలరీలు తింటున్నట్టు ఉంది. పొద్దున ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడుస్తున్నాను, స్వీట్లు మానేశాను, మరి ఎందుకు తగ్గట్లేదని టెన్షన్. ఆఫీసులో ఒకరు కీటో అన్నారు, ఒకరు పొద్దున్నే జీలకర్ర నీళ్ళన్నారు, ఇంకొకరు "నీ మెటబాలిజం చచ్చిపోయింది" అని తేల్చేశారు. తూకమేసిన వారంలో సగటున తిన్నది 1,880. దొరకాల్సింది అక్కడే దొరికింది.

ముందు నిజంగా ఆగిందా?

నాలుగు రోజులు కదలకపోతే దాన్ని ఆగడం అనరు. ఒంట్లో నీళ్ళే రోజుకు ఒక కిలో అటూ ఇటూ అవుతుంటాయి. రాత్రి ఊరగాయ ఎక్కువ తింటే ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, కొత్తగా జిమ్‌లో చేరితే కండరాల్లో నీరు చేరుతుంది, రెండు రోజులు మోషన్ కాకపోతే అదీ బరువే. ఆడవాళ్ళకు నెలసరి ముందు కిలో దాకా పెరగడం మామూలు, అందుకే పోయిన వారంతో కాకుండా పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోండి. పెళ్ళి భోజనం తిన్న మర్నాడు కిలో పెరిగిందని ఏడ్చేవాళ్ళకు ఒక మాట: కిలో కొవ్వు పట్టాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి, ఒక్క పూటలో అన్ని ఓలిగలు (బొబ్బట్లు) ఎవరూ తినలేరు.

పొద్దున లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ తూగండి, ఏడు రోజుల సగటు తీయండి. ఆ సగటు మూడు నాలుగు వారాలు అక్కడే ఉంటే అప్పుడు ఆగినట్టు. రోజూ తూగితే మనసు పాడయ్యేవాళ్ళు వారానికి రెండుసార్లు చూసుకున్నా చాలు, కానీ ఒక్కసారి మాత్రం చాలదు, ఆ ఒక్క రోజే ఊరగాయ తిన్న మర్నాడు అయ్యుండొచ్చు.

ఇంక మెటబాలిజం సంగతి. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు తగ్గే మాట నిజమే, కానీ ఎంత? ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా ఒళ్ళు రోజుకు ఎన్ని కేలరీలు ఖర్చు చేస్తుందో చెప్పే లెక్క ఒకటుంది. 1990లో వచ్చిన ఆ మిఫ్లిన్-సెంట్ జోర్ సూత్రం ప్రకారం, కిలోల్లో బరువుకు పదింతలు, సెంటీమీటర్లలో ఎత్తుకు 6.25 రెట్లు, రెండూ కలిపి, అందులోంచి వయసుకు ఐదింతలు తీసేయాలి. ఆడవాళ్ళు ఇంకో 161 తీసేయాలి, మగవాళ్ళు 5 కలపాలి. నాకు 71 కిలోల దగ్గర 1,354 వస్తుంది. కుర్చీ ఉద్యోగానికి దాన్ని 1.4తో గుణిస్తే 1,896. అదే 78 కిలోల దగ్గర చేస్తే 1,994. ఏడు కిలోలు తగ్గినందుకు ఒంటి ఖర్చు పడిపోయింది వంద కేలరీలే. సూత్రం అందరికీ గురి చూసి కొట్టినట్టు ఉండదు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. అయినా నేను తింటున్న 1,880, ఆ సూత్రం చెప్పే 1,896 పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు వారాలు ముల్లు ఎందుకు కదల్లేదో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని అజాగ్రత్త కూడా కాదు. "ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదు" అనేవాళ్ళ మీద 1992లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. వాళ్ళు రాసుకున్నదాన్ని, ఒంట్లో నిజంగా ఖర్చయినదాన్ని ప్రత్యేకమైన నీటి పరీక్షతో కొలిచి పోలిస్తే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ రాశారు, వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువ రాశారు. వాళ్ళ మెటబాలిజం బాగానే ఉంది. అబద్ధాలు చెప్పేవాళ్ళేమీ కాదు, మన గరిటె లాంటిదే వాళ్ళింట్లోనూ ఉండి ఉంటుంది.

చేత్తో, గరిటెతో అందాజా లెక్క

ఖర్చు లేదు, ఎవరూ నవ్వరు, పెళ్ళిలోనూ పనిచేస్తుంది. బరువు ఎక్కువున్న మొదటి నెలల్లో ఇది చాలు, ఎందుకంటే అప్పుడు ఒక ముద్ద తగ్గించినా తేడా కనిపిస్తుంది. నేను మొదటి ఐదు కిలోలు ఇలాగే తగ్గాను.

కానీ ఆగిన తర్వాత ఇది పనికిరాదు. మనకు కావాల్సిన తేడా రోజుకు మూడు నాలుగు వందల కేలరీలు, అందాజాలో తప్పు కూడా అంతే ఉంటుంది. పైగా ముద్ద పెరుగుతూ పోతుంది, మనకు తెలియదు. జనవరిలో "ఒక ముద్ద సంగటి" అన్నదీ జూన్‌లో "ఒక ముద్ద సంగటి" అన్నదీ ఒకటి కాదు. కప్పులు కొనుక్కుంటే కాస్త మేలు అంటారు, నేనైతే కొననంటాను. మా బియ్యం డబ్బాలో గ్లాసు అంచుకు సమంగా తీస్తే 180 గ్రాములు, మా అత్త చేతికి గోపురంగా వస్తే 205. పిండికి ఇంకా ఘోరం, అదిమితే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క. నూనెకు మాత్రం 5 మిల్లీలీటర్ల కొలత చెంచా చక్కగా పనిచేస్తుంది, ద్రవం కాబట్టి గోపురం రాదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

యాప్‌లో వెతికి రాసుకోవడం

యాప్ తప్పేం కాదు, అది కూడిక యంత్రం. మనం ఏం రాస్తే అది కూడుతుంది. ఇబ్బంది "ఒగ్గాని, ఒక ప్లేటు, 250" లాంటి ఎంట్రీలతో. ఒగ్గాని అంటే బొరుగులతో, అదే మరమరాలతో, చేసే మా టిఫిన్. ఎవరి ప్లేటు, ఎవరింటి ఒగ్గాని? నాది తూకమేస్తే పొడి బొరుగులు 60 గ్రాములు, అంటే దాదాపు 215 కేలరీలు, నా వాటాకు వచ్చిన నూనె 18 గ్రాములు, అంటే 162, పప్పుల పొడి 15 గ్రాములకు ఇంకో 55. మొత్తం 430 దాటింది, మిరపకాయ బజ్జీ లేకుండానే. బజ్జీ లేకుండా ఒగ్గాని ఏంటని కర్నూలు వాళ్ళు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే, కానీ దాని లెక్క వేరే తలనొప్పి. ఇంట్లో చేస్తే వేయించక ముందు బాణలిలో నూనె ఎంత, తర్వాత ఎంత మిగిలింది అని తూకమేసి, తేడాను బజ్జీల సంఖ్యతో భాగిస్తే కొంతవరకు తేలుతుంది.

ఈ యాప్‌ల్లో చాలావాటిలో వాడుకునేవాళ్ళే ఎక్కించిన ఎంట్రీలు కూడా ఉంటాయి. ఒకే "నాటుకోడి పులుసు"కు నాలుగు రకాల అంకెలు చూస్తే ఎక్కువమంది చేసేది ఒక్కటే, తక్కువ అంకె ఉన్నదాన్ని నొక్కడం. నేనూ నొక్కాను. అందుకే వంటకం పేరుతో వెతకొద్దు, సరుకు పేరుతో వెతకండి: బియ్యం పచ్చివి, రాగిపిండి, వేరుశెనగ నూనె, కందిబ్యాళ్ళు (కందిపప్పు). సరుకుల అంకెలకు మనకు మంచి ఆధారమే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 మన ఆహార పదార్థాలను పరీక్షించి పట్టికలు వేసింది. అందులో శక్తిని కిలోజౌళ్ళలో ఇచ్చారు, 4.184తో భాగిస్తే మనం అనుకునే కేలరీలు వస్తాయి. ఆ లెక్కన వంద గ్రాముల పచ్చి బియ్యం 355 దరిదాపుల్లో, రాగులు 320, జొన్నలు 334. వేరుశెనగ గింజలకు ఆ పట్టికలో 520, అమెరికా పట్టికలో 567. ఆ తేడా గురించి బుర్ర పాడు చేసుకోకండి, ఏదో ఒకటి పట్టుకుని దాని మీదే ఉండండి.

ఫోటో తీస్తే కేలరీలు చెప్పే రకం యాప్‌లు కూడా వచ్చాయి. ఇడ్లీలు రెండా మూడా అనేది చెప్పగలదేమో గానీ, వంకాయ కూరలో నూనె ఎంతుందో కెమెరాకు కనిపించదు. మన వంటల్లో దాక్కునేదే నూనె. ఆగిన బరువుకు ఇది పనికొచ్చే సాధనం కాదు.

ఇంకో మాట, చేతి గడియారం "నువ్వు 450 కేలరీలు ఖర్చు చేశావు" అంటే ఆ 450 తిరిగి తినెయ్యకండి. డెబ్బై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది యాభై కేలరీల చుట్టుపక్కల. నాలుగు కిలోమీటర్లకు రెండు వందలు, అంటే నా నూనె గరిటె ఒకటి.

తూకం

ఐదు కిలోల దాకా తూగే, ఒక గ్రాము తేడా చూపే డిజిటల్ తూకం వెయ్యి లోపే దొరుకుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, గిన్నె పెట్టి సున్నా చేసే బటన్ ఉండాలి, ఉంటుంది కూడా. సరిగ్గా తూగుతోందా అన్న అనుమానం వస్తే తెరవని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టండి, కవరుతో కలిపి కిలో మీద నాలుగైదు గ్రాములు చూపిస్తే బాగున్నట్టే. ఐదు గ్రాముల లోపు వాటిని ఈ తూకాలు సరిగా పట్టుకోవు. కాబట్టి కాస్త నూనె కొలవాలంటే నూనె గిన్నెనే తూకం మీద పెట్టి సున్నా చేసి, అందులోంచి తీశాక మైనస్ ఎంత చూపిందో చూడండి. గరిటెకు అంటుకుని మిగిలినది కూడా అందులోనే తేలిపోతుంది.

మా ఇంట్లో పొద్దున వంట మా అత్తది, రాత్రి నాది. తూకం మొదటిసారి పొయ్యి పక్కన పెట్టిన రోజు, "ఏందమ్మా ఇది, అన్నమేమన్నా బంగారమా తూకమేసేకి?" అంది. బంగారం కన్నా ఎక్కువే అత్తా, బంగారం ఒంటికి పట్టదు అన్నాను. నవ్వింది గానీ ఆ రోజు నూనె డబ్బా తన పక్కకు జరుపుకుంది. ఈ గొడవ చిన్నదేం కాదు. వండే మనిషి ఒకరు, లెక్క రాసుకునే మనిషి ఇంకొకరు అయినప్పుడు తూకం ఎంత గొప్పదైనా సగమే పనిచేస్తుంది. నేను కనుక్కున్న దారి ఏంటంటే వంటలో వేలు పెట్టకుండా, వంట మొదలయ్యే ముందు నూనె డబ్బాను, బియ్యం డబ్బాను, పిండి డబ్బాను మూతలతో సహా తూకమేసి ఒక కాగితం మీద రాసుకోవడం, వంట అయ్యాక మళ్ళీ తూకమేయడం. తేడా ఎంతో అదే వంటలోకి పోయింది. ఆవిడ చేతి అందాజా ఆవిడది, నా లెక్క నాది. మూడు డబ్బాలకు రెండు నిమిషాలు పడుతుంది.

తర్వాత గిన్నె మొత్తం లెక్క. ఇక్కడే అందరూ తప్పుతారు కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ముందు ఖాళీ గిన్నె బరువు రాసుకోండి, మా సంగటి గిన్నె అడుగున నేను మార్కర్‌తో రాసేశాను. రాగిపిండి 300 గ్రాములు, అది 960 కేలరీలు. బియ్యం 150 గ్రాములు, అది 535. మొత్తం 1,495. సంగటి గెలికి దించాక గిన్నె బరువు పోను 1,650 గ్రాములు తూగింది. 1,495ను 1,650తో భాగిస్తే గ్రాముకు 0.9 చిల్లర. నా ముద్ద 300 గ్రాములైతే 272 కేలరీలు. అయిపోయింది. రేపు నీళ్ళు కాస్త ఎక్కువై 1,800 తూగితే అదే ముద్ద 250కి పడుతుంది. అందుకే "రాగి ముద్ద ఒకటి" అని యాప్‌లో వెతికితే వచ్చే అంకెకు మన గిన్నెతో చుట్టరికం లేదు. కూర, పప్పు, పులుసు అన్నిటికీ ఇదే పద్ధతి, ఉల్లిపాయలు, టమాటాలు, గోంగూర లాంటివాటిని వదిలేసినా పెద్దగా నష్టం లేదు. నూనె, బ్యాళ్ళు, బుడ్డలు (వేరుశెనగలు), కొబ్బరి, మాంసం వదలకూడదు.

రొట్టెలకు ఇంకా సులువు. పిండి 400 గ్రాములు తీశాం, ఏడు జొన్న రొట్టెలు వచ్చాయి, ఒక్కోటి 57 గ్రాముల పిండి, 190 కేలరీలు. రొట్టెను తూకమేయాల్సిన పనే లేదు, పెనం మీద ఎంత నీరు పోయిందో ఎవరికి తెలుసు.

పచ్చిదా వండినదా అన్న తికమక మాత్రం ఒక్కసారి వదిలించుకుంటే జన్మంతా సుఖం. సోనా బియ్యం ఉడికితే బరువు సుమారు మూడింతలవుతుంది. వంద గ్రాముల పచ్చి బియ్యం 355, వంద గ్రాముల అన్నం 130 దగ్గర. పచ్చి బియ్యం వంద తూకమేసి "అన్నం వంద" అని రాస్తే రెండు వందలకు పైగా మాయమైపోతాయి, అదీ ఒక పూటకే. ఒగ్గానిలో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. నానబెట్టి పిండిన బొరుగులు నీళ్ళు తాగి బరువెక్కుతాయి, వాటిని ప్లేటులో తూకమేసి పొడి బొరుగుల అంకె వేస్తే లేని కేలరీలు రాసుకున్నట్టు. ఉడకబెట్టిన బుడ్డలూ అంతే, పొట్టుతో తూకమేయొద్దు, ఒలిచాక తూకమేసినా వాటిలో నీరుంటుంది కాబట్టి వందకు 320 చుట్టుపక్కల వేసుకోండి, వేయించినవైతే 550 దాటతాయి.

అనంతపురంలో పుట్టి బుడ్డల గురించి చెడ్డగా మాట్లాడలేను. కానీ నా 430 కేలరీల తేడాలో నూనె వాటా 225, బుడ్డల వాటా 130. ఇడ్లీకి చట్నీ, రొట్టెకు ఊరిబిండి, వంకాయలోకి పొడి, కొన్ని సాయంత్రాలు టీతో ఒక గుప్పెడు. నా గుప్పెడు 30 గ్రాములు, 160 నుంచి 170 కేలరీలు. ఇవేవీ యాప్‌లో రాసేదాన్ని కాదు, చట్నీని ఎవరు రాస్తారు? మిగిలిన 75 అన్నంలోనూ, పిల్లల ప్లేటులో మిగిలిందని నేను తినేసినదాంట్లోనూ, ఎనుము (గేదె) పాల టీలోనూ ఉన్నాయి. ఎనుము పాలు వంద మిల్లీలీటర్లకు వంద కేలరీలు, టోన్డ్ పాలైతే అరవై దాకా.

నెల నూనె డబ్బా లెక్క

తూకం కొనను, యాప్ పెట్టను అనేవాళ్ళకు నాకు నచ్చిన పద్ధతి ఇది, ఇంట్లో ఎవరికీ కోపం కూడా రాదు. కొత్త డబ్బా తెరిచిన తారీకు మూత మీద రాయండి, అయిపోయిన తారీకు రాయండి. లీటరు నూనె ప్యాకెట్ మీద సాధారణంగా 910 గ్రాములు అని ఉంటుంది, కొన్ని ప్యాకెట్లు అంతకన్నా తక్కువ ఉంటున్నాయి, నికర బరువు చదవండి. ఐదు లీటర్ల డబ్బా 4,550 గ్రాములు. నలుగురున్న ఇంట్లో 26 రోజులకు అయిపోతే మనిషికి రోజుకు 44 గ్రాములు, 394 కేలరీలు, ఒక్క నూనె నుంచే. గానుగ నూనె అయినా ఇంతే. గానుగది మంచిది, రుచి బాగుంటుంది, కేలరీలు మాత్రం గ్రాముకు తొమ్మిదే. నెయ్యి కూడా దాదాపు అంతే.

ఇందులో లోపం తెలిసిందే, ఎవరు ఎంత తిన్నారో తేలదు, పండక్కి వేయించి పారబోసినదీ అందులోనే కలుస్తుంది. కానీ డబ్బా 26 రోజుల బదులు 36 రోజులు వచ్చేలా చూసుకుంటే మనిషికి రోజుకు 110 కేలరీలు తగ్గుతాయి, ఒక్క అంకె కూడా ఫోన్‌లో కొట్టకుండా. ఇంట్లో ఇద్దరు ముగ్గురు బరువు తగ్గాలనుకుంటే నేను ముందు దీన్నే చెప్తాను.

ఎవరికి ఏది

బరువు ఇంకా తగ్గుతూనే ఉంటే ఏమీ మార్చకండి, అందాజాతోనే పోండి. ఆగి నెల దాటింది, ఇంట్లో వంట మీదే లేదా మీ మాట చెల్లుతుంది అంటే తూకం, పద్నాలుగు రోజులు. జీవితాంతం కాదు. రెండు వారాలు గట్టిగా చేస్తే మీ గరిటె ఎంత, మీ ముద్ద ఎంత, మీ గ్లాసు ఎంత అన్నది కంటికి అలవాటైపోతుంది, ఆ తర్వాత నూనె, బుడ్డలు, బియ్యం లేదా పిండి, ఈ మూడే తూకమేసినా సరిపోతుంది. పాలకూరను తూకమేసేవాళ్ళను చూస్తే నాకు జాలి.

హాస్టల్‌లో, మెస్‌లో తినేవాళ్ళకు తూకం వల్ల లాభం లేదు, నూనె వాళ్ళ చేతిలో ఉంది. మీకు ఒకే రకం భోజనం దారి: పొద్దున అవే నాలుగు ఇడ్లీలు, చట్నీ ఒక్క గంటె, మధ్యాహ్నం అదే కొలత అన్నం, పైన తేలిన నూనె వదిలేసి కూర, రెండు గుడ్లు అదనంగా. గుడ్డు ఒకటి డెబ్బై కేలరీల చిల్లర, అది అనంతపురంలోనైనా కడపలోనైనా అంతే, దాంట్లో ఎవరూ దాచలేరు. కేలరీలు ఎన్నో ఖచ్చితంగా తెలియకపోయినా రోజూ ఒకేలా తింటే, బరువు ఆగినప్పుడు ఒక ఇడ్లీ తీసేస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

బయట తిరిగే ఉద్యోగాలవాళ్ళు, వారానికి నాలుగు రోజులు హోటల్ తిండి అయితే, కారం దోసె కేలరీలు ఎంత అని వెతకడం మానేయండి. ఎర్రకారం కింద ఎంత నూనె పోశాడో ఆ పెనానికే తెలుసు. ఇంట్లో తినే మూడు రోజులు తూకం, బయట తినే రోజు ఒక్క నిర్ణయం: దోసెనా ఇడ్లీనా, రెండోసారి చట్నీయా కాదా.

కొందరు అసలు ఈ లెక్కల జోలికి పోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా తగ్గించొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, మందు మోతాదు డాక్టరే మార్చాలి. తిండి గురించి ముందునుంచీ భయం, అపరాధభావం ఉన్నవాళ్ళు, తిని వాంతి చేసుకునే అలవాటున్న పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు తూకాన్ని వంటింట్లోకి తేకండి, ముందు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి.

రెండు వారాలు తూకమేసి, నిజంగానే 1,500 తింటున్నారని తేలి, తర్వాత నెల రోజులు అలాగే తిన్నా సగటు కదలకపోతే అప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక మందులు బరువు పెంచుతాయి. మందులు సొంతంగా ఆపొద్దు. ఈ పని తూకం కన్నా ముందు చేసేవాళ్ళను నేను చూశాను, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక ఇంకా దిగులు పడతారు.

నా విషయానికొస్తే, 1,880ని 1,550కి దించడానికి నేను మానేసినది ఏమీ లేదు. ఒగ్గానిలో నూనె 18 నుంచి 8 గ్రాములైంది, సాయంత్రం గుప్పెడు బుడ్డలు వారానికి రెండుసార్లకు వచ్చాయి, టీలోకి టోన్డ్ పాలు, కూరల్లో నూనె సగం. మూడో వారానికి సగటు 70.4. పండగ రోజు తూకం తీయను, ఓలిగ మీద నెయ్యిని గ్రాముల్లో చూడాలనిపించదు. నూనె డబ్బాలో ఇప్పుడు 5 మిల్లీలీటర్ల కొలత చెంచా ఉంది, చెంచాకు నాలుగున్నర గ్రాములు, 40 కేలరీలు. మా అత్త దాన్ని మందు చెంచా అంటుంది. పాత గరిటె చారు గిన్నెలోకి మారింది.